నూరెంబర్గ్‌లో కొత్త ఇల్లు: కరెంటు, ఇంటర్నెట్ ఎలా పెట్టుకోవాలి?

గుంటూరు_నుంచి_నూరెంబర్గ్:
అందరికీ నమస్కారం. ఒకటో తారీఖున జర్మనీలోని నూరెంబర్గ్‌లో, గోస్టెన్‌హోఫ్ ఏరియాలో రెండు గదుల ఇంట్లో దిగుతున్నాం. అగ్రిమెంట్‌లో వార్మ్‌మీటె (ఖర్చులు కలిపిన అద్దె) అని ఒకే అంకె వేశారు. కరెంటు కూడా అందులోనే ఉన్నట్టా? మన దగ్గరైతే మీటరు ఓనరు పేరు మీదే ఉంటుంది, బిల్లు రాగానే ఫోన్‌లో కట్టేస్తాం. ఇక్కడ మనమే కంపెనీని వెతుక్కోవాలంటున్నారు. చంటిపాపతో మొదటి రాత్రే చీకట్లో ఉండాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. మావారికి వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని కాబట్టి ఇంటర్నెట్ కూడా కావాలి. ఏది ముందు చూసుకోవాలో చెప్పండి.

ఫ్యూర్త్‌లో_కాకినాడ:
చెల్లీ, చీకట్లో ఉంటామన్న భయం వదిలెయ్యి. మీరు ఎవరితోనూ ఒప్పందం చేసుకోకపోయినా ఆ ఊళ్లోని ప్రాథమిక సరఫరా కంపెనీ కరెంటు ఇచ్చి తీరాలని ఇక్కడి చట్టం. నూరెంబర్గ్‌లో అది ఎన్-ఎర్గీ. స్విచ్ వేసిన క్షణం నుంచి మీరు వాళ్ల కస్టమర్లే. ఈ పద్ధతిని గ్రుండ్‌ఫెర్‌జోర్గుంగ్ అంటారు. రేటు మామూలుగా ఎక్కువే, కానీ రెండు వారాల నోటీసిచ్చి ఎప్పుడైనా బయటికి రావచ్చు. బల్బులు మాత్రం కొనుక్కెళ్లండి, ఖాళీ ఇళ్లలో చాలాసార్లు పైకప్పుకి వైర్లు తప్ప ఏమీ ఉండవు.

వార్మ్‌మీటెలో హీటింగ్, నీళ్లు, చెత్త, మెట్లు తుడిచే ఖర్చు లాంటివి వస్తాయి. కరెంటు సాధారణంగా రాదు, ఉంటే అగ్రిమెంట్‌లో విడిగా రాస్తారు. ఇంకొకటి తప్పకుండా చూడు. వంటింట్లోనో బాత్రూంలోనో గోడకి మీ ఇంటికే సొంతంగా గ్యాస్ బాయిలర్ ఉంటే, గ్యాస్ ఒప్పందం కూడా మీ పేరు మీదే ఉండాల్సి రావచ్చు. అదే కరెంటుతో నీళ్లు కాచే డబ్బా అయితే బిల్లు బాగా పెరుగుతుంది, చంటిపిల్ల ఉన్న ఇల్లు కదా.

తాళాలు ఇచ్చే రోజు మీ ఆయన్ని మీటరు దగ్గరికి వెళ్లమను. చాలా బిల్డింగుల్లో అది కింద కెల్లర్‌లో (నేలమాళిగలో) ఉంటుంది, అన్ని ఇళ్ల మీటర్లూ వరసగా. మీ మీటరు నంబరు, రీడింగు రెండూ కనబడేలా ఫోటో తియ్యాలి. యూబర్‌గాబె ప్రోటోకోల్ అని ఇల్లు అప్పగించే కాగితం ఒకటి ఉంటుంది, ఆ అంకెలు అందులో రాయించి ఓనరు సంతకం తీసుకోండి. పాతవాళ్లు వాడిన యూనిట్లు మీ నెత్తిన పడకుండా ఆపేది ఆ సంతకమే. ఇందులో మొహమాటం వద్దు.

వేరే కంపెనీ కావాలనుకుంటే దిగకముందే ఒప్పందం చేసుకోండి. ఇదివరకు దిగాక ఆరు వారాల్లోపు వెనక తేదీతో పెట్టుకునే వీలుండేది, 2025 జూన్ 6 నుంచి అది లేదు. నెలనెలా కట్టేది అబ్‌ష్లాగ్, అంటే అడ్వాన్సు మాత్రమే. ఏడాది చివర అసలు లెక్క తేలుతుంది. తక్కువ కట్టొచ్చని వాడకం తగ్గించి చెబితే అప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలి.

ఇక ఇంటర్నెట్. ఇది ఇవాళే బుక్ చెయ్యి, చెల్లీ! కరెంటు మీకోసం ఎదురుచూస్తుంది, ఇంటర్నెట్‌కి మీరే వారాల తరబడి ఎదురుచూడాలి. అడ్రసు ఒక్కటే ఇస్తే సరిపోదు. రెండో అంతస్తు ఎడమ వైపు అన్నట్టు ఇంటి జాగా, ఇంతకుముందు ఉన్నవాళ్ల పేరు కూడా ఇస్తే లైను దొరకడం తేలిక. దిగిన రోజే కాలింగ్ బెల్ మీదా పోస్టు డబ్బా మీదా మీ ఇంటిపేరు అతికించండి. పేరు లేకపోతే టెక్నీషియన్ కిందనుంచే వెళ్లిపోతాడు, రౌటర్ పార్శిల్ కూడా తిరిగి వెళ్లిపోతుంది.

ఎర్లాంగెన్_విద్యార్థి:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మా ఇంటికి టెక్నీషియన్ వస్తాడని పొద్దున్నుంచీ క్లాసు మానుకుని కూర్చున్నా, రాలేదు. 2021 డిసెంబర్‌లో వచ్చిన టెలికాం చట్టం ప్రకారం, కంపెనీ తప్పు వల్ల అపాయింట్‌మెంట్ తప్పితే 10 యూరోలు లేదా నెల చార్జీలో 20 శాతం, ఏది ఎక్కువైతే అది, అడిగే హక్కు మనకుంది. మెయిల్ పెట్టాను, తర్వాతి బిల్లులో తగ్గించారు. అదే చట్టం వల్ల, మొదటి గడువు ఎంత పెద్దదైనా, అది ముగిశాక నెల నోటీసుతో మానేయొచ్చు. లైను వచ్చేదాకా ప్రీపెయిడ్ సిమ్‌తో హాట్‌స్పాట్ పెట్టుకోండి. సిమ్ యాక్టివేట్ అవ్వాలంటే పాస్‌పోర్ట్ చూపించాలి.

గుంటూరు_నుంచి_నూరెంబర్గ్:
చాలా థాంక్స్ అక్కా, తమ్ముడూ. బాయిలర్ సంగతి ఇవాళే ఓనర్‌ని అడిగిస్తాను. మావారి స్నేహితుడి ఇంటికి టీవీ, రేడియో ఫీజు కట్టమని ఉత్తరం వచ్చిందట. వాళ్లకి టీవీనే లేదు. అది మోసమా?

ఫ్యూర్త్‌లో_కాకినాడ:
మోసం కాదమ్మా, దాన్ని పక్కన పడెయ్యొద్దని చెప్పు. అది రుండ్‌ఫుంక్‌బైట్రాగ్. నెలకి 18.36 యూరోలు, సాధారణంగా మూడు నెలలకోసారి 55.08 కట్టాలి. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి ఒకటి. మనిషికి ఒకటి కాదు కాబట్టి, మీ ఇద్దరికీ ఉత్తరాలొస్తే ఒకరు కట్టి, రెండోవారు ఆ కట్టేవారి ఫీజు నంబరు రాసి పంపితే చాలు. ఆన్‌మెల్డుంగ్ (ఊరి ఆఫీసులో అడ్రసు నమోదు) చేశాక మన వివరాలు ఆ ఫీజు వసూలు చేసేవాళ్లకి చేరతాయి, ఉత్తరం దానంతటదే వస్తుంది.

ఇంటింటికీ వచ్చి కేబుల్ టీవీ ఒప్పందం తప్పనిసరి అని సంతకం అడిగేవాళ్ల సంగతి వేరు. 2024 జూలై నుంచి కేబుల్ ఖర్చు అద్దెతో పాటు వసూలు చేయడం ఆగిపోయింది, ఆ ఒప్పందం మీ ఇష్టం. గుమ్మం దగ్గర ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఒకవేళ పెట్టినా 14 రోజుల్లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.