లైనక్స్‌లో సీ నేర్చుకోవాలంటే పాత పుస్తకమా, కొత్త గైడా?

కొత్తబాట:
ఉబుంటు లైనక్స్ వేసుకుని సీ ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాను. చూస్తున్న వీడియో కోర్సులో మొదటి ప్రోగ్రామే కంపైల్ (యంత్రభాషలోకి మార్పు) కాలేదు. కోనియో.హెచ్ అనే ఫైలు లేదంటోంది. దేన్ని పట్టుకుని నేర్చుకోమంటారు?

పాతకాపు:
ఆ కోర్సు వదిలేయండి. కోనియో.హెచ్ డాస్ కాలపు టర్బో సీ అనే కంపైలర్ సరుకు, సీ ప్రమాణంలో (భాష అధికారిక నియమాల్లో) ఎప్పుడూ లేదు. కెర్నిగన్, రిచీల ‘ద సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’ పుస్తకం రెండో ముద్రణ తెచ్చుకోండి. 300 పేజీల్లోపే. సీ భాషను తయారుచేసిన రిచీయే చెబుతుంటే వేరే గురువు ఎందుకు? అభ్యాసాలు మాత్రం ఒక్కటీ వదలకండి.

టెర్మినల్‌పిచ్చి:
పాతకాపు గారూ, మీరూ అదే గోతిలోకి పంపుతున్నారు. ఆ ముద్రణ 1988 నాటిది. మొదటి ప్రోగ్రామ్‌లో మెయిన్ ఫంక్షన్ ముందు, అది పూర్ణాంకం తిరిగిస్తుందని చెప్పే ఇంట్ అనే మాట ఉండదు. సీ99 (1999 నాటి ప్రమాణం) నుంచి అది చెల్లదు, లైనక్స్‌లో వాడే కంపైలర్ జీసీసీ 14వ వెర్షన్ అయితే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. అందులో చెప్పిన, ఇన్‌పుట్‌లో ఒక వరుస చదివే గెట్స్ ఫంక్షన్‌ను సీ11లో (2011 నాటిది) ప్రమాణం నుంచే తీసేశారు. కొత్తవాళ్లకు బీజ్ సీ గైడ్ నయం. ఉచితం, ఇప్పటి సీ చెబుతుంది.

పాతకాపు:
ఇంట్ అని ఒక్క మాట చేరిస్తే సరిపోయేదానికి పుస్తకమే పారేస్తారా? పాయింటర్లను (మెమరీ చిరునామాలు దాచే వేరియబుల్స్‌ను) అంత పొదుపుగా విడమరిచింది ఇంకోటి చూపించండి. గైడ్లు చదవడానికి హాయిగా ఉంటాయి, కాదనను. చేతికి పని పెట్టేది ఆ పుస్తకమే.

హద్దుదాటకు:
ఇద్దరూ పుస్తకం దగ్గరే ఆగిపోయారు. ఏది చదివినా కంపైల్ చేసే తీరు సరిగా లేకపోతే లాభం లేదు. ఐదు గళ్ల అర్రేలో ఆరో గడిలో రాసినా ప్రోగ్రామ్ చాలాసార్లు ఏమీ ఎరగనట్టు నడిచిపోతుంది. మనకేమో సీ వచ్చేసిందన్న ధీమా! జీసీసీకి -డబ్ల్యూఆల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా, -జీ, -ఎఫ్‌శానిటైజ్=అడ్రెస్ అనే ఫ్లాగులు (కంపైలర్‌కిచ్చే అదనపు సూచనలు) ఇచ్చి చూడండి. అదే ప్రోగ్రామ్ మధ్యలో ఆగి, ఏ వరుసలో హద్దు దాటామో చెబుతుంది.

టెర్మినల్‌పిచ్చి:
దానికి అడ్డు చెప్పను. మ్యాన్ పేజీలు (మ్యాన్ కమాండ్‌తో తెరుచుకునే సహాయ పుటలు) కూడా చేర్చండి.

కొత్తబాట:
మ్యాన్ ప్రింట్‌ఎఫ్ కొడితే షెల్ కమాండ్ గురించి వచ్చిందండీ!

టెర్మినల్‌పిచ్చి:
అది ఒకటో విభాగం. మ్యాన్ 3 ప్రింట్‌ఎఫ్ కొట్టండి. లైబ్రరీ ఫంక్షన్లు 3లో, ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడిగే సిస్టమ్ కాల్స్ 2లో ఉంటాయి. పేజీ లేదంటే మ్యాన్‌పేజెస్-డెవ్ ప్యాకేజీ వేసుకోండి. నేర్చుకోవడానికి కాదు సుమా, మరిచిపోయింది చూసుకోవడానికి.

పాతకాపు:
సరే, ఇంట్ చేర్చుకోండి, గెట్స్ బదులు ఎఫ్‌గెట్స్ వాడండి, ఆ ఫ్లాగులన్నీ పెట్టుకోండి. పుస్తకం విషయంలో మాత్రం నా మాట మారదు.