ఓపెన్ సోర్స్ ఇన్వెస్టిగేషన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ఓపెన్ సోర్స్ ఇన్వెస్టిగేషన్, అంటే అందరికీ దొరికే ఫొటోలు, వీడియోలు, మ్యాపులతో నిజాలు తేల్చడం, నేర్చుకుందామనుకుంటున్నా. జర్నలిజం చదవలేదు, కోడింగ్ రాదు. వాట్సాప్‌లో తిరిగే వీడియోలు నిజమో కాదో తేల్చడం, చెరువులు ఏటేటా తగ్గిపోతున్నాయా చూడటం లాంటివి నేర్చుకోవాలనుంది. వందల టూల్స్ చెప్తున్నారు, బుర్ర తిరుగుతోందండీ.

జవాబు:
టూల్స్ లిస్టు పక్కన పెట్టేయండి. ముందు ఏదో ఒక ఫొటో తీసుకుని అది ఎక్కడ తీశారో కనిపెట్టడం ప్రాక్టీస్ చేయండి, బోర్డుల మీద లిపి, కొండల ఆకారం, బండ్లు రోడ్డుకి ఏ పక్కన వెళ్తున్నాయి ఇవన్నీ చూసుకుంటూ గూగుల్ ఎర్త్‌లో మ్యాచ్ చేస్తూ పోవాలి, ఓపిక కావాలి అంతే. నీడల దిక్కు బట్టి, సూర్యుడు ఏ టైమ్‌కి ఎక్కడ ఉంటాడో చూపించే సన్‌కాల్క్ సైట్లో టైమ్ కూడా సుమారుగా తెలుస్తుంది. 2014లో బెల్లింగ్‌క్యాట్ అనే ఓపెన్ సోర్స్ ఇన్వెస్టిగేషన్ సంస్థ పెట్టిన ఎలియట్ హిగ్గిన్స్ కూడా అంతకుముందు జర్నలిస్టేం కాదు, ఇంట్లో కూర్చుని సిరియా వీడియోల్లో ఆయుధాలు గుర్తుపడుతూ మొదలెట్టాడు. వాళ్ల సైట్లో గైడ్లు ఫ్రీ.

జవాబు:
చెరువులకైతే సెంటినెల్-2 అనే యూరప్ శాటిలైట్ల బొమ్మలు చూడండి, ఉచితమే. కానీ బొమ్మలో ఒక్కో పిక్సెల్ (చుక్క) నేల మీద 10 మీటర్లు, చిన్న కుంటలు సరిగ్గా కనబడవు. పోల్చేటప్పుడు ఒకే నెలవి తీసుకోండి బాబూ, వానాకాలం ఫొటో పక్కన ఎండాకాలం ఫొటో పెట్టి చెరువు మాయం అని పోస్టులేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. మరి ఫొటో ప్రాపర్టీస్‌లో లొకేషన్ ఉంటుంది కదా?

జవాబు:
వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ డేటా పోతుంది, ఒరిజినల్ ఫైల్ అడగండి. దొరికిన లింకుల్ని, వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్లో వెంటనే సేవ్ చేయండి, సాయంత్రానికి డిలీట్ చేసేస్తారు. మామూలు జనాల పేర్లు, ఇళ్ల అడ్రసులు మాత్రం బయటపెట్టొద్దు.