మరమగ్గం 1785లోనే వచ్చినా చేనేతను దాటడానికి అంతకాలం ఎందుకు పట్టింది?

ప్రశ్న: కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంటు 1785లోనే తీసుకున్నాడు. అయినా 1813 నాటికి బ్రిటన్‌లో మరమగ్గాలు దాదాపు 2,400 మాత్రమే. 1833కి లక్ష దాకా చేరాయి. మధ్యలో ఏం మారింది?

జవాబు 1: అడ్డంకి పడుగుకు, అంటే మగ్గంపై నిలువుగా సాగే పోగులకు, పెట్టే గంజి. చేనేతలో ఎదురుగా ఉన్న కాస్త పడుగుకు గంజి రాసి, ఆరాక నేసి, మళ్లీ ఆపి రాయాలి. మరమగ్గం కూడా అలాగే మాటిమాటికీ ఆగితే ఇక ఆవిరి యంత్రం ఎందుకు? 1803లో రాడ్‌క్లిఫ్, జాన్సన్ కలిసి పడుగంతటికీ ముందే గంజి పట్టించి, ఆరబెట్టి, దోనెకు (పడుగు చుట్టి ఉంచే దూలానికి) చుట్టే యంత్రం తెచ్చారు. నా దృష్టిలో అసలు మలుపు అదే. తర్వాత 1822లో రాబర్ట్స్ ఇనుప మగ్గంతో చట్రం ఊగడం తగ్గింది.

జవాబు 2: గంజి ఒక్కటే కాదు, ఆగిన సమయం మొత్తం లెక్కలోకి వస్తుంది. నిమిషానికి 180 పేకలు (అడ్డంగా వేసే పోగులు), అంగుళానికి 60 పేకలు, పనితీరు, అంటే మగ్గం నిజంగా నడిచే సమయం, 80 శాతం అనుకోండి. గంటకు (60 నిమిషాలకు) 180 × 60 × 0.8 = 8,640 పేకలు; అంగుళానికి పట్టే 60తో భాగిస్తే గంటకు 144 అంగుళాలు, అంటే 4 గజాలు. పనితీరు 50 శాతానికి పడితే అదే మగ్గం రెండున్నర గజాలే నేస్తుంది.

36 అంగుళాల పన్నాకు (బట్ట వెడల్పుకు) ఆ వేగంలో నిమిషానికి 180 గజాల నూలు పడుతుంది. నాడెలో పెట్టే కండెలో (నూలు చుట్టలో) 1,200 గజాలుంటే ఏడు నిమిషాల లోపే ఖాళీ! మగ్గం ఆపి నాడె (పేకను అటూ ఇటూ మోసే సాధనం) మార్చాల్సిందే. అందుకే లాంకషైర్‌లో మనిషికి 4 మగ్గాలే మామూలు. 1894లో వచ్చిన నార్త్రప్ మగ్గం నడుస్తుండగానే కండె మార్చుకునేది, పడుగు పోగు తెగితే తనే ఆగేది. దాంతో ఒక్కరే 16, ఆపైన కూడా చూడగలిగారు.

ప్రశ్నించినవారు: మరి నాడె లేని మగ్గాలు?

జవాబు 2: నాడె బరువు వందల గ్రాములు, ప్రతి పేకకూ దాన్ని విసిరి, ఆపాలి. సుల్జర్ మగ్గంలో నాడెకు బదులు పోగును లాక్కెళ్లే చిన్న ముక్క, ప్రొజెక్టైల్, సుమారు 40 గ్రాములే. ఎయిర్‌జెట్ మగ్గంలో పోగును గాలే మోస్తుంది. అయితే ఆ గాలిలో నూనె, తేమ ఉండకూడదు. గంజి చాలక పడుగుపై నూగు లేస్తే పోగులు ఒకదానికొకటి అతుక్కుని పేకకు అడ్డం పడతాయి. అప్పుడు వేగం పెంచడం తప్పు: నిమిషానికి 600 పేకల వేగం దగ్గర 92 శాతం పనితీరుతో నడిస్తే నిమిషానికి 552 పేకలు, 660కి పెంచాక పనితీరు 82 శాతానికి పడితే 541 మాత్రమే. ముందు గంజి సరిచేసి, తర్వాతే వేగం జోలికి వెళ్లాలి.