ఈసీజీ బోర్డులో 50 హెర్ట్జ్ గోల, అంచుకి అతుక్కుపోయే ట్రేస్ (ఎం.ఇ. ప్రాజెక్టు)

గిండీ_ల్యాబ్:
చెన్నైలో మెడికల్ ఎలక్ట్రానిక్స్ ఎం.ఇ., రెండో ఏడు. ప్రాజెక్టు కోసం సింగిల్ లీడ్ ఈసీజీ బోర్డు కడుతున్నాను. ఏడీ620 (చిన్న సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫైయర్ చిప్) ఒక్కదానితోనే గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలో అది) 1000, సప్లై ±5 వోల్టులు. ల్యాబ్‌లో స్నేహితులకి పెట్టి చూస్తే కొందరి దగ్గర అవుట్‌పుట్ ఒక అంచుకి (సప్లై వోల్టేజీ హద్దుకి) వెళ్లి అక్కడే ఉండిపోతోంది. మిగతావాళ్ల దగ్గర 50 హెర్ట్జ్ (మెయిన్స్ కరెంటు నుంచి వచ్చే గోల) ఈసీజీని మింగేస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీనే తీసేసేది), క్యూ (అది ఎంత సన్నగా కోస్తుందో చెప్పే అంకె) 30 పెడితే గోల తగ్గింది గానీ ప్రతి క్యూఆర్‌ఎస్ (గుండె కొట్టుకున్నప్పుడు వచ్చే పదునైన శిఖరం) వెనక చిన్న అలలు కనిపిస్తున్నాయి. నేను కొలవాల్సిందే దాని వెంటనే వచ్చే ఎస్‌టీ సెగ్మెంట్. వచ్చే నెల 20 మంది రికార్డింగులు కావాలంటున్నారు గైడ్ గారు. ముందు ఏది సరిచేయాలి?

ఓమ్స్‌లా:
ముందు గెయిన్. ఎలక్ట్రోడ్ల మధ్య డీసీ ఆఫ్‌సెట్ 300 మిల్లీవోల్టుల దాకా ఉంటుందనుకునే డిజైన్ చేయాలి. దాన్ని వెయ్యి రెట్లు చేయబోతే చిప్ అంచుకి కొట్టుకోక ఏం చేస్తుంది? మొదటి దశలో 10 చాలు. అంటే ఆర్‌జీ (గెయిన్‌ని నిర్ణయించే రెసిస్టర్) 5.49 కిలోఓమ్స్. తర్వాత హైపాస్ (డీసీని, చాలా నెమ్మది మార్పుల్ని ఆపే ఫిల్టర్), ఆ తర్వాత మిగిలిన 100 రెట్లు.

ఎస్‌టీ కావాలి కాబట్టి హైపాస్ 0.05 హెర్ట్జ్ ఉండాలి. 0.5 పెడితే ట్రేస్ నిలకడగా ఉంటుంది, కానీ ఎస్‌టీ ఆకారం మారిపోతుంది. 1 మైక్రోఫారడ్, 3.3 మెగాఓమ్స్ వేస్తే సరిపోతుంది. కెపాసిటర్ పాలిస్టర్ ఫిల్మ్‌దే తీసుకోండి, రిచ్చీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో అడగండి. ఎలక్ట్రోలిటిక్ లీకవుతుంది. దాని వెనక ఆప్‌యాంప్ ఎల్‌ఎం358 వేయకండి: బయాస్ కరెంటు (చిప్ ఇన్‌పుట్ దగ్గర పారే కొద్దిపాటి కరెంటు) 20 నానోఆంపియర్లనుకున్నా 3.3 మెగాఓమ్స్ మీద 66 మిల్లీవోల్టులు, దానికి వంద రెట్లంటే మళ్లీ అంచుకే. టీఎల్072 లాంటి ఫెట్ ఇన్‌పుట్‌ది (బయాస్ కరెంటు చాలా తక్కువ ఉండేది) వేయండి. ఎలక్ట్రోడ్ కదిలిన ప్రతిసారీ ట్రేస్ కుదురుకోవడానికి 15 సెకన్లకు పైగా పడుతుంది. అది లోపం కాదు, ఆగి రికార్డ్ చేయండి.

హెర్ట్జ్50:
50 హెర్ట్జ్ సంగతి. దీన్ని చిప్ సీఎంఆర్ఆర్ (రెండు ఇన్‌పుట్లకీ ఒకేలా వచ్చే గోలని ఆపే శక్తి) మీదకు నెట్టకండి. కేబుళ్లలోకి 5 నానోఆంపియర్లు చేరినా, రెండు ఎలక్ట్రోడ్ల ఇంపిడెన్స్ మధ్య 20 కిలోఓమ్స్ తేడా ఉంటే 100 మైక్రోవోల్టుల గోల తయారవుతుంది. అది డిఫరెన్షియల్‌గానే (ఈసీజీలాగే రెండు ఇన్‌పుట్ల మధ్య తేడాగా) వస్తుంది, ఏ చిప్పూ ఆపలేదు. చర్మం స్పిరిట్‌తో తుడిచి, కొద్దిగా రుద్ది, ఆరనిచ్చాక ఎలక్ట్రోడ్ అంటించండి. చెన్నై చెమటకి అంచులు లేచిపోతాయి. జెల్ ఆరిన పాత ప్యాకెట్లు పారేయండి. షీల్డ్ కేబుళ్లు వాడి, రెండిటినీ కలిపి మెలేయండి.

తర్వాత రైట్ లెగ్ డ్రైవ్ (రెండు ఇన్‌పుట్లకీ ఉమ్మడిగా వచ్చే గోలని తిరగేసి కాలి ద్వారా శరీరానికి ఇచ్చి తగ్గించడం). ఆర్‌జీని 2.74 కిలోఓమ్స్ చొప్పున రెండుగా చేసి, మధ్య బిందువు నుంచి బఫర్ ద్వారా తీసుకుని, 39 రెట్లు ఇన్వర్ట్ చేసి 390 కిలోఓమ్స్ ద్వారా కాలికి ఇవ్వండి. 5 వోల్టులు నేరుగా పడినా 13 మైక్రోఆంపియర్లు దాటదు.

ఇవయ్యాక నాచ్ అవసరమే పడకపోవచ్చు. 50 దగ్గర క్యూ 30 అంటే మోగడం తగ్గడానికి టైమ్ కాన్‌స్టంట్ 0.19 సెకన్లు, అంటే అలలు సరిగ్గా ఎస్‌టీ మీదే పడతాయి. ముందుకీ వెనక్కీ ఫిల్టర్ చేస్తే క్యూఆర్‌ఎస్ ముందు కూడా వస్తాయి.

తరమణి:
మనుషులకి తగిలించే ముందు ఇది చదవండి. బోర్డు బ్యాటరీ మీదే నడపండి. మనిషికి తగిలించి ఉండగా మెయిన్స్ ఆసిలోస్కోప్ ప్రోబ్ గానీ, ఛార్జర్ గుచ్చిన ల్యాప్‌టాప్ గానీ కలపకూడదు. యూఎస్‌బీ తప్పదంటే ఏడీయూఎం4160 లాంటి ఐసొలేటర్ (డేటాని పంపుతూ మెయిన్స్ కరెంటు మనిషి దాకా రాకుండా విడదీసే చిప్) మధ్యలో ఉండాలి.

20 మంది కన్నా ముందు సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, స్నేహితులైనా సరే. డేటా తీశాక వెనక తేదీతో అనుమతి దొరకదు. సమ్మతి పత్రం తమిళంలో కూడా పెట్టండి, లీకేజీ కరెంటు కొలతలు జత చేయండి.

అనుమతి వచ్చేలోగా అల్గారిథం రాసుకోండి. అయితే అందరూ వాడే ఈసీజీ రికార్డింగుల ఎంఐటీ-బీఐహెచ్ డేటాబేస్ బోస్టన్‌ది, అందులో మెయిన్స్ గోల 60 హెర్ట్జ్. దాని మీద 50 నాచ్ బాగుందని తేల్చేస్తే వైవాలో పట్టుకుంటారు. ఎస్‌టీకి జర్మనీ పీటీబీ ఈసీజీ డేటా తీసుకోండి: 1000 హెర్ట్జ్ శాంప్లింగ్, అక్కడి మెయిన్స్ కూడా మనలాగే 50.

గిండీ_ల్యాబ్:
ఆర్‌జీ మార్చాను, అంచుకి పోవడం ఆగింది. టీఎల్072 రేపు తెస్తాను. అనుమతి వచ్చేదాకా ఈసీజీ సిమ్యులేటర్ (మనిషికి బదులు ఈసీజీ సిగ్నల్ ఇచ్చే పరికరం) మీదే పరీక్షిస్తాను.