గోడ మీద ఉత్తుత్తి జింక తల: ఇంటికి అందమా, వేటకు పొగడ్తా?

కోటవీధి (విజయనగరం):
కొత్తింటి హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉంది. రెజిన్‌తో చేసిన తెల్ల జింక తల ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను, కొమ్ములకు బంగారు రంగు. చాలా నచ్చింది. ఫోన్లో చూపిస్తే మామగారు "చచ్చినదాని తల ఇంట్లో ఏటమ్మా" అన్నారు. ఏ జంతువూ చావలేదు కదా, తప్పేముంది?

రాజాం తమ్ముడు:
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరైన పత్రాలు లేకుండా అసలు జింక తల ఉంచుకుంటే నేరం. ఇది బొమ్మ. తగిలించుకోండి అక్కా.

జీడితోట (వజ్రపుకొత్తూరు):
చట్టం సంగతి సరే తమ్ముడూ, మామగారి మాట కొట్టిపారేయకండి. మాది ఉద్దానం. 2022 జూన్‌లో మా మండలం కిడిసింగిలో ఎలుగుబంటి దాడికి ఒకాయన చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. పట్టుకున్నాక ఆ ఎలుగూ బతకలేదు. ఇప్పటికీ జీడి పండే రోజుల్లో తోటకు ఒంటరిగా వెళ్లం, నలుగురం గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తాం. దానికీ తిండి కావాలి, మాకూ ఆ తోటే ఆధారం. ఇలాంటి చోట మెడ దగ్గర నరికి చెక్కకు బిగించినట్టున్న తల చూస్తే నాకు "గెలిచాం" అన్నట్టే అనిపిస్తుంది. రెజిన్‌దైనా ఆ రూపం వేటగాళ్ల బంగళాలోంచి వచ్చిందే. పైగా కృష్ణజింక మన రాష్ట్ర జంతువు.

వీణమెట్టు (బొబ్బిలి):
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ మా బొబ్బిలి వీణ చివర చూడండి, యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) తల ఒక్కటే ఉంటుంది, ఒళ్లుండదు. దాన్ని చూసి ఎవరికైనా చంపడం గుర్తొస్తుందా? గొల్లపల్లిలో ఒకే పనస దుంగలోంచి వీణ తొలుస్తారు. నోరు తెరిచి, కళ్లు ఉబ్బించి, ఆ తల వీణను కాపలా కాస్తున్నట్టుంటుంది. కాబట్టి తల ఉండటం తప్పు కాదు.

జీడితోట:
మంచి మాట, ఒప్పుకుంటున్నాను. యాళి తల వీణలోంచి మొలిచినట్టుంటుంది, నరికినట్టుండదు. నాకు అడ్డం మెడ కింద ఉండే ఆ చెక్క పలకే. అది లేకుండా, గోడలోంచి తొంగి చూస్తున్నట్టు చేస్తే నాకే అభ్యంతరమూ లేదు. డబ్బు పెట్టి కొనకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు కూడా. మా అమ్మ చేటలకు పూసేది చూడండి, అదే కాగితం గుజ్జు. పోయిన వేసవిలో దాంతోనే మా గుంటడూ నేనూ ఎలుగు తల చేశాం. చెవులు వాడే పెట్టాడు, ఒకటి పైకి, ఒకటి కిందకి. దాన్ని వాడు "మన తోటది" అంటాడు.

కోటవీధి:
అన్నయ్యా, ఆ చెవుల సంగతి చదివి మామగారికి చూపించాను. "అయితే కాగితంతో చేద్దాం" అన్నారు. కాగితం ఎన్నాళ్లు నానాలి?

జీడితోట:
మూడు రోజులమ్మా, రోజూ నీళ్లు మార్చండి. నానబెట్టిన మెంతులు వేసి రోట్లో వెన్నలా అయ్యేదాకా రుబ్బండి. మెంతులు జిగురిస్తాయి, ఆ చేదుకు పురుగు పట్టదని అమ్మ అనేది. బోర్లించిన కుండ మీద పల్చగా, పూత మీద పూత వేయండి. ముందు నీడలో ఆరాలి, ఎండలో పెడితే పగులుతుంది. కొమ్ములకు లోపల ఇనుప తీగ పెట్టండి.