ఒడిశాలో తెలుగు నాటకానికి ప్రభుత్వ సాయం అందుతుందా?

పర్లాకిమిడి నుండి ప్రశ్న:
మా ఊళ్లో ఏటా పద్యనాటకం ఆడే చిన్న బృందం మాది. హార్మోనిస్టు పారితోషికం, ఆహార్యం, వేదిక అద్దె అన్నీ చందాలతోనే గడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ నంది నాటకోత్సవాల వంటి ఆదరణ మాకు ఎక్కడ దొరుకుతుంది?

బరంపురం నుండి జవాబు:
ముందు 1860 నాటి సంఘాల నమోదు చట్టం కింద బృందాన్ని నమోదు చేయించి, లెక్కలను ఏటా ఆడిట్ చేయించండి, ఎందుకంటే కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంట్లకు వ్యక్తి కన్నా సంస్థ చరిత్రే ఆధారం. నాటక ప్రదర్శనలకూ, గురుశిష్య పరంపరలో శిక్షణకూ వేర్వేరు పథకాలున్నాయి. ఒడిశా తూర్పు మండల సాంస్కృతిక కేంద్రం (కేంద్ర సాంస్కృతిక శాఖ కింది సంస్థ) పరిధిలోనిది కాబట్టి కోల్‌కతాలోని దాని కార్యాలయానికి కూడా రాయండి.

రాయగడ నుండి జవాబు:
నమోదు ముఖ్యమే గానీ, అసలు చిక్కు భాష దగ్గర వస్తుందండీ. మా దరఖాస్తును ఒక కార్యాలయంలో "ఇది పొరుగు రాష్ట్రం కళ" అని తిప్పి పంపినప్పుడు ఎంతో బాధ కలిగింది. 1936లో ఒడిశా ఏర్పడక ముందు నుండీ ఇక్కడే ఉన్న తెలుగువారి నాటకం పొరుగుది ఎలా అవుతుంది? దరఖాస్తుతో పాటు పాత కరపత్రాలు, ఫొటోలు, ఒడియాలో కథాసారాంశం జతచేయండి.

పర్లాకిమిడి నుండి:
కృతజ్ఞతలండీ. పెద్దల ఇళ్లలోని కరపత్రాలను ఈ వారమే సేకరిస్తాము.