లివింగ్ విల్ రాసుకున్నాను, ఇంట్లో గొడవ. నేను చేసింది తప్పా?

గోదారిగట్టు మాష్టారు:
నాకు 71. రిటైరైన హెడ్మాస్టర్ని. బీపీ, షుగరు తప్ప ఏ రోగమూ లేదు, రోజూ గట్టు మీద రెండు మైళ్ళు నడుస్తాను. పోయిన నెల కూర్చుని నాలుగు పేజీల కాగితం రాసుకున్నాను, దాన్నే లివింగ్ విల్ అంటారు. నాకు తెలివి పోయి, ఇక కోలుకోనని డాక్టర్లు తేల్చేశాక వెంటిలేటర్ పెట్టొద్దు, డయాలసిస్ చెయ్యొద్దు, గుండె ఆగితే ఛాతీ మీద నొక్కి లేపొద్దు. నొప్పి తెలియకుండా మాత్రం చూడండి. అంతే.

ఇది నా సొంత పైత్యం కాదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల బెంచి కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో ఇలా రాసుకోవచ్చని చెప్పింది. అప్పట్లో మెజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023 జనవరిలో దాన్ని సడలించి ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ చాలన్నారు.

మా ఊరి నోటరీ మొదటి పేజీ చదివి, "పొద్దున్నే ఇదేం కాగితమండీ మాష్టారూ, నేను చెయ్యను" అని తిప్పి పంపాడు. మా ఆవిడ రెండ్రోజులుగా మాట్లాడ్డం లేదు. అబ్బాయి ఫోన్లో అరిచాడు. మీరే చెప్పండి.

రామగుండం రవి:
మంచి పని చేశారు సార్. ఫార్మాట్ ఉంటే ఇక్కడ పెట్టండి, మా నాన్నకి కావాలి.

ఎడిసన్ మూర్తి:
రవిగారూ, "మా నాన్నకి కావాలి" అన్నారు చూడండి, నా భయమంతా అదే. ఆయన అడిగారా, మీరు అడుగుతున్నారా?

మాష్టారూ, మీ వయసుకి నమస్కారం. కానీ మీరు చదువుకున్నవారు, పెన్షన్ ఉంది, మీ మాట చెల్లుతుంది. అందరి ఇళ్ళూ మీ ఇల్లులా ఉండవు. తమిళనాడులో విరుదునగర్ వైపు తలైకూత్తల్ అని ఒకటుంది, విన్నారా? మంచాన పడ్డ ముసలివాళ్ళని తలంటి పోసి సాగనంపేయడం. దానికీ పెద్దవాళ్ళు "ఒప్పుకున్నారనే" చెబుతారు. రేపు ఈ కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఎంతసేపు? పేరు ఏదైనా పెట్టండి, నా దృష్టిలో ఇది చంపడమే.

కోర్టుమెట్లు:
చంపడం కాదు. చంపే ఇంజెక్షన్ ఇవ్వడం ఇవాళ్టికీ నేరమే, దాన్ని ఏ తీర్పూ ఒప్పుకోలేదు. కోర్టు ఒప్పుకున్నది పనికిరాని వైద్యాన్ని ఆపడం, లేదా మొదలుపెట్టకపోవడం.

మాష్టారికి ఒక ప్రశ్న. మీకు తెలివి లేనప్పుడు మీ తరఫున మాట్లాడే మనిషి పేరు ఆ కాగితంలో ఉండాలి. ఎవరి పేరు రాశారు?

కృష్ణాజిల్లా కుర్రాడు:
2004లో హైదరాబాద్ చెస్ ఆటగాడు వెంకటేశ్ కేసు గుర్తుందా? కండరాల జబ్బు, పాతికేళ్ళ వయసు. పోయేలోపే అవయవాలు దానం చేస్తానని వాళ్ళమ్మ ద్వారా హైకోర్టుని వేడుకుంటే కాదన్నారు. ఆ డిసెంబర్లోనే పోయాడు. ఇప్పుడైతే ఒప్పుకునేవాళ్ళు.

కోర్టుమెట్లు:
ఇప్పుడూ ఒప్పుకోరు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం గుండె లాంటి అవయవాలు మనిషి చనిపోయాకో, బ్రెయిన్ డెడ్ అయ్యాకో మాత్రమే తీసుకోవాలి. అది వేరే సంగతి, దీన్లో కలపకండి.

మాష్టారూ, పేరు చెప్పలేదు.

సత్యవతి:
మూర్తిగారూ, మా నాన్నగారు 23 రోజులు ఐసీయూలో ఉన్నారు. 82 ఏళ్ళు, ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి. అంతకుముందు ఏడాదంతా "ఈసారి నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళొద్దు తల్లీ" అని నాతో కనీసం పదిసార్లు అన్నారు. ట్యూబు మూడుసార్లు పీక్కున్నారు. నాలుగోసారి పీక్కోకుండా రెండు చేతులూ గుడ్డతో మంచానికి కట్టేశారు. రోజుకి పావుగంట లోపలికి పంపేవాళ్ళు. నన్ను చూసి ఆ కట్టిన చేతులే ఎత్తబోయేవారు. దణ్ణం పెడుతున్నారో, విప్పమంటున్నారో నాకు ఈరోజుకీ తెలీదు.

"చెయ్యగలిగినవన్నీ చెయ్యండి" అన్నది ఎవరో తెలుసా? మా అన్నయ్య. డాలస్ నుంచి. వాట్సాప్‌లో. 23 రోజుల్లో ఒక్కరోజూ ఆ గదిలో నిలబడలేదు.

రామగుండం రవి:
అయ్యో అమ్మా.

ఎడిసన్ మూర్తి:
బాధ అర్థమైందమ్మా. కానీ ఒక ఆసుపత్రి చేతులు కట్టిందంటే అది ఆసుపత్రి తప్పు. నర్సింగ్ బాగుంటే ఆ గతి పట్టదు. అరుణ శాన్‌బాగ్‌ని చూడండి. 1973 నవంబర్లో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా ఉండగా దాడి జరిగి, తెలివి పోయి మంచాన పడితే, 2015 మేలో పోయేదాకా, దాదాపు 42 ఏళ్ళు అక్కడి నర్సులే చూసుకున్నారు. 2009లో పింకీ విరానీ అనే జర్నలిస్టు, ఆవిడకి తిండి పెట్టడం ఆపించాలని కోర్టుకెళ్తే ఆ నర్సులు "మేం చూసుకుంటాం, మీకెందుకు" అన్నారు. 2011లో కోర్టు వాళ్ళ మాటే వింది. ప్రేమంటే అదీ.

నైట్‌డ్యూటీ:
నేను నర్సుని. కేఈఎం సిస్టర్లంటే నాకూ గర్వమే. కానీ సార్, ఆవిడకి ఏం కావాలో ఆ 42 ఏళ్ళలో ఎవరికీ తెలీదు. మాష్టారు ముందే రాసి చెబుతున్నారు కదా, రెండూ ఒకటెలా అవుతాయి?

పాలియేటివ్ డాక్టర్:
కోలుకోని రోగులకి నొప్పి తగ్గించే వైద్యం (పాలియేటివ్) చేసే మనిషిగా రెండు మాటలు. కాగితం చూపించగానే ప్లగ్గు పీకేస్తారనుకోకండి. చూస్తున్న డాక్టరుతో పాటు అయిదేళ్ళ అనుభవం ఉన్న ఇద్దరు స్పెషలిస్టులు ఒక బోర్డు. వాళ్ళు ఒప్పుకుంటే, జిల్లా వైద్యాధికారి పంపే మనిషితో రెండో బోర్డు. ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో తేల్చాలి. అమలు చేసేముందు మెజిస్ట్రేటుకి తెలియజెయ్యాలి. మాష్టారు మనసు మార్చుకుంటే ఎప్పుడైనా రాసిచ్చి రద్దు చేసుకోవచ్చు.

వాస్తవంగా మన దగ్గర జరిగేది ఏమిటంటే, డబ్బులు అయిపోతాయి. డాక్టర్ వద్దన్నా తీసుకెళ్తున్నామని కేస్‌షీట్ మీద సంతకం పెట్టించుకుంటారు. ఇంటి గుమ్మం దాకా అంబులెన్సులో చేత్తో బ్యాగ్ నొక్కుతూ ఊపిరి ఆడిస్తారు, గుమ్మంలో ట్యూబు తీసేస్తారు. బోర్డు లేదు, నొప్పి తగ్గించే మార్ఫిన్ లేదు. తలైకూత్తల్ గురించి భయపడేవాళ్ళు దీని గురించీ భయపడాలి. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) వల్ల మార్ఫిన్ ఆసుపత్రుల్లో ఉంచుకోవడమే తలనొప్పిగా ఉండేది. 2014లో సవరించారు గానీ చిన్న ఊళ్ళలో ఇప్పటికీ దొరకదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట...

సత్యవతి:
మూర్తిగారూ, "ఆసుపత్రి తప్పు" అని ఒక్కమాటలో తోసేశారు. ఫోన్లో ప్రేమ చూపించడం తేలికండీ. డబ్బు పంపిస్తే చేసినట్టే అనుకుంటారు. మలమూత్రాలు ఎత్తేది ఇక్కడున్నవాళ్ళు, తీర్పులు చెప్పేది మీరు.

ఎడిసన్ మూర్తి:
నోరు అదుపులో పెట్టుకోండి. మీ అన్నయ్య మీద కోపం నా మీద చూపించకండి. మేం అమెరికాకేమీ విహారయాత్రకి రాలేదు. పంపిన డబ్బు తీసుకున్నప్పుడు గుర్తుకురాదా డాలస్?

సత్యవతి:
ఎవరు తీసుకున్నారు? బంగారం తాకట్టు పెట్టింది నేను!

అడ్మిన్:
ఇద్దరూ ఆగండి. ఇంకో మాట తూలితే ఈ చర్చ మూసేస్తాను.

కోర్టుమెట్లు:
మాష్టారు ఇంకా పేరు చెప్పలేదు.

ఎడిసన్ మూర్తి:
నిన్న రాసింది తీసేద్దామనుకున్నాను, ఉంచుతున్నాను. సత్యవతిగారూ, క్షమించండి.

డాక్టర్‌గారు చెప్పారే, చేత్తో బ్యాగ్ నొక్కుతూ ఇంటికి తీసుకెళ్ళడం. మా నాన్నని అలాగే తీసుకెళ్ళారు. 2019లో. తమ్ముడు సంతకం పెట్టాడు. అప్పుడు ఇక్కడ రాత్రి, నేను నిద్రలో ఉన్నాను. లేచేసరికి ఫోన్లో 14 మిస్డ్ కాల్స్. దిగేసరికి మూడో రోజు, చితాభస్మం చేతికిచ్చారు. డబ్బు అయిపోయిందన్నాడు. ఒక్క మాట చెబితే నేను పంపేవాణ్ణి కదా? ఆయన బతికేవారా అంటే బతకరు, అది నాకూ తెలుసు. నన్ను అడగలేదు. తమ్ముడితో ఇప్పటికీ మాటల్లేవు.

సత్యవతి:
మీ తమ్ముడు 14 సార్లు చేశాడండీ.

ఎడిసన్ మూర్తి:
...

నైట్‌డ్యూటీ:
మూర్తిగారూ, మీ నాన్నగారిని ఎవరైనా అడిగారా?

ఎడిసన్ మూర్తి:
లేదు. మాకు ఆ మాట ఎత్తడమే రాదు. సంక్రాంతికి వచ్చి పొలం పంపకాలు మాట్లాడుకున్నాం, ఇది మాట్లాడలేదు.

గోదారిగట్టు మాష్టారు:
కోర్టుమెట్లుగారు మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ దాటేశాను. నేను రాసింది మా మేనకోడలి పేరు. పక్క వీధిలో ఉంటుంది, స్టాఫ్ నర్సు. అబ్బాయి అరిచింది వెంటిలేటర్ గురించి కాదు. "నేను బతికుండగా నీ ప్రాణం మీద హక్కు దానికి రాసిస్తావా" అన్నాడు. మా ఆవిడ అలక కూడా దాని మీదే. నేను మీకు మొదట్లో వేరేగా చెప్పాను.

వాడు మంచివాడు. వాళ్ళ అమ్మమ్మ పోతే పదమూడు రోజులూ అన్నం ముట్టలేదు. వాడి చేతిలో పెడితే వాడు నన్ను వదలలేడు. అందుకే వాడి పేరు రాయలేదు.

ఎడిసన్ మూర్తి:
ఈ మాట ఆ అబ్బాయికి చెప్పారా? ఇలాగే, ఇవే మాటల్లో?

గోదారిగట్టు మాష్టారు:
లేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి వ్యాకరణం చెప్పాను. వాడితో మాట్లాడాలంటే నోరు పెగలదు.

కోర్టుమెట్లు:
ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు మాష్టారూ. అబ్బాయి పేరూ చేర్చొచ్చు. కానీ ఇద్దరికీ కుదరకపోతే ఎవరి మాట వినాలో మీరే స్పష్టంగా రాయండి. మాట తికమకగా ఉంటే కాగితం చెల్లదు. నోటరీ వద్దంటే మీ ఊళ్ళో గెజిటెడ్ ఆఫీసర్ని పట్టుకోండి. కాపీ ఒకటి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇవ్వాలి.

గోదారిగట్టు మాష్టారు:
మున్సిపల్ ఆఫీసుకి మొన్ననే వెళ్ళాను. గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి "ఇది జనన మరణాల సెక్షనా, పన్నుల సెక్షనా" అని అడిగాడు. సోమవారం మళ్ళీ వెళ్తాను. అబ్బాయి ఆదివారం ఫోన్ చేస్తాడు. ముందు అది కానీయండి.

సత్యవతి:
వీడియో కాల్ చెయ్యండి మాష్టారూ. అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

రామగుండం రవి:
మూర్తిగారూ, మీరన్నాక నాన్నని అడిగాను. "నీకేం తొందరొచ్చిందిరా" అన్నాడు. ఇవాళ పొద్దున మళ్ళీ తనే పిలిచి, ఆ కాగితం తెలుగులో ఉంటే తెమ్మన్నాడు. మాష్టారూ, ఫార్మాట్?